నేను గుద్దని మనిషి

ఆ రోజుల్లో జ్వరం లేకపోతే ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. మనసుకూ జబ్బు చేస్తుందని, దానికీ మాత్రలుంటాయని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తిరుపతిలో మా పిన్ని ఇంట్లో ఉంటూ రేణిగుంటలో ఒక గోడౌనులో గుమాస్తాగా చేరిన కొత్త. మోపెడ్ మీద పోయేదాన్ని. చక్రం కింద చిన్న గతుకు తగిలితే చాలు, మనిషిని తొక్కేశానేమోనని గుండె జారిపోయేది. బండి వెనక్కి తిప్పి చూసేదాన్ని. ఎవరూ ఉండరు. (ఉండరని నాకూ తెలుసు. కానీ పక్క కాలువలో పడిపోయి ఉంటే?) అరగంట దారికి గంటన్నర పట్టేది. ఆఫీసులో రోజూ చీవాట్లే.

ఒకనాడు దారిలో పంక్చర్ షాపన్న నన్ను చూసి, "ఏం ఎతకతా ఉండావు పాపా? కమ్మ పారేసుకున్యావా?" అన్నాడు. తలూపాను. అదే కొంప ముంచింది. ఆయన కేకేస్తే ఇద్దరు ఆటోవాళ్లు, పూలమ్మే అవ్వ వచ్చి కంకరంతా గాలించారు. కాసేపటికి అవ్వ నా చెవుల వైపు చూసి, "రెండు కమ్మలూ ఈడనే ఉండాయి గదే!" అంది. నాకు ఏడుపు ఆగలేదు. "ఎవురినన్నా గుద్దినానేమో అని సూస్తా ఉండా అవ్వా" అన్నాను. పాపం, వాళ్లు కాలువ కూడా చూసి వచ్చారు. షాపన్న నన్ను ఇంట్లో దిగబెట్టి, "మా బామ్మర్ది ఇట్నే గ్యాసు కట్టినానా లేదా అని లేసి లేసి సూసేవాడుమా. డాక్టరుకు సూపిస్తే కుదురుకున్యాడు" అని పిన్నికి చెప్పాడు.

డాక్టరు అంతా విని ఓసీడీ అన్నాడు. పిన్ని ఏదో వారపత్రికలో చదివి ఉంది. "అది శుభ్రం జబ్బు గదా సార్! ఈ పిల్లకెట్లా వస్తాది? తాగిన లోటా కడగదు, పక్కబట్ట మడవదు!" అంది. నా పరువు అక్కడే పోయింది. డాక్టరు నవ్వి, "అందరికీ శుభ్రం గురించే రాదమ్మా. కొందరికి ఎంత కడిగినా తీరదు, ఈమెకు ఎంత చూసినా తీరదు. ఆ తీరని అనుమానమే జబ్బు" అన్నాడు. "అయితే నాకు పిచ్చి కాదా సార్?" అన్నాను. కాదన్నాడు. "నేనెవరినీ చంపలేదు గదా?" అనీ అడిగాను. "దానికి నేను జవాబు చెప్పకూడదు. చెబితే రేపు మళ్లీ అడుగుతావు. వైద్యం అక్కడే మొదలు" అన్నాడు. చంపలేదని ఆయన చెప్పకపోయినా, నా బాధకు ఒక పేరుందని తెలిసి ఆ గదిలోనే హాయిగా ఏడ్చేశాను.

మాత్రలు వేసుకున్నాను. కొన్ని నెలలు పిన్ని బండి మీద నా వెనక కూర్చుని, నేను తల తిప్పబోతే వీపు మీద పొడిచి, "ముందుకు పోనీమే" అనేది. ఒంటరిగా, ఒక్కసారీ వెనక్కి తిరగకుండా గోడౌను చేరిన రోజు ఇంకా తాళమే తీయలేదు. "ఏం పాపా, ఈ పొద్దు ఇంత బెరీన వచ్చినావు?" అన్నాడు వాచ్‌మన్. "దోవలో పనేం లేదన్నా" అన్నాను. మెట్టు మీద కూర్చుని, చేయడానికేమీ లేని ఆ అరగంటను ఎంత గర్వంగా అనుభవించానో! చీమనైనా నొప్పించకుండానే అన్నాళ్లు హంతకురాలిలా బతికిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది.