మిరప ఘాటు అనుకున్న దగ్గు

ఆ రోజు మగవాళ్ల వార్డులో ఒక పెద్దాయనకు బీపీ చూస్తున్నాను. పట్టీలోకి గాలి కొడుతుండగా నాకు దగ్గు పట్టుకుంది. ఎంతకీ ఆగలేదు. చివరికి ఆయనే తన మంచినీళ్ల సీసా నా చేతిలో పెట్టి, "ముందు నువ్వు కూర్చో తల్లీ" అన్నాడు. సిగ్గేసింది కానీ భయం వేయలేదు. మిరప సీజన్‌లో దర్శి చుట్టుపక్కల దగ్గని మనిషెవరు?

నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. పన్నెండేళ్ల సర్వీసు. సిబ్బంది భద్రత కోసం మా దగ్గర సేఫ్టీ కమిటీ ఉంది. నర్సులు, ఆయాల తరఫున అందులో సభ్యురాలిని నేనే. ఎవరికి సూది గుచ్చుకున్నా, ఎవరు తడి నేల మీద జారిపడ్డా ముందు నా దగ్గరికే వచ్చేవారు. ఆ హోదా అంటే నాకు కాస్త గర్వమే. ఆసుపత్రి ఎదురుగా మిరప కల్లాలు. ఆరబోసిన కాయలు తిరగేస్తుంటే ఆ ఘాటుకు వార్డంతా తుమ్ములే. సీజన్ అయ్యేదాకా రోడ్డువైపు కిటికీలన్నీ మూసేయాలని కమిటీలో ప్రతిపాదించింది నేను. అందరూ మెచ్చుకున్నారు.

సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. యూనిఫాం వదులైంది. "ఎన్ని సీసాలు తాగుతావే ఆ దగ్గు మందు? ఎక్స్‌రే తీయించుకోరాదూ?" అన్నారు మావారు. "నర్సు మీరా, నేనా?" అని కసిరాను.

ఆరో వారంలో కళ్లెలో నెత్తురు జీర కనబడింది. ఒంగోలులో చెస్ట్ స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాం.

"ఎన్నాళ్లుగా దగ్గు?"

"ఆరు వారాలండి."

ఆయన తలెత్తి చూశారు. "మీరు నర్సు కదమ్మా?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన మచ్చ. కళ్లె పరీక్ష పాజిటివ్. టీబీ. "మీ వార్డులో వెంటిలేషన్ ఎలా ఉంటుంది?" అని అడిగారు. కిటికీలు మూసి ఉంటాయన్నాను. "గాలి ఆడని చోటే ఇది ఎక్కువ పాకేది. ఎవరు మూయమన్నారు?" అన్నారు. "కమిటీ అండి" అన్నాను. నేనే అని చెప్పడానికి నోరు రాలేదు.

ఆరు నెలల మందుల కోర్సు మొదలైంది. మూత్రం నారింజ రంగులోకి మారింది. తిన్నది తిన్నట్టే వాంతి. ఐదో వారంలో కళ్లు పచ్చబడ్డాయి. లివర్ పరీక్ష రిపోర్టు చూసి డాక్టరు మందులు ఆపేశారు. "లివర్ కుదుటపడ్డాక ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెడదాం. కంగారుపడకండి" అన్నారు. పడకుండా ఎలా ఉంటాం? మందు వేసుకుంటే లివర్ పోతుంది, మానేస్తే ఊపిరితిత్తులు పోతాయి. రోజూ అద్దంలో కళ్లు చూసుకుని ఏడ్చేదాన్ని.

ఆ రోజుల్లోనే మా వార్డు ఆయా నాగేంద్రమ్మ చూడ్డానికి వచ్చింది. అరటిపండ్లు గడప దగ్గర పెట్టి, కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు.

"ఎన్నాళ్ల నుంచి నాగేంద్రమ్మా?"

"ఘాటేలేండి సిస్టరుగారూ."

"సీజనైపోయి నెల దాటింది. నా దగ్గరా ఈ మాటలు? కళ్లె పరీక్షకి పో."

ఆమె మొహం మాడిపోయింది. "మా కాంట్రాక్టరుకి తెలిసిందంటే రేపట్నుంచి రావద్దంటాడండి. మీకంటే లీవిచ్చారు. మాకెవరిస్తారు? మీకు దండం పెడతా, ఎవరికీ చెప్పబాకండి."

నాకు జబ్బని తేలాక పర్మనెంట్ సిబ్బందికి ఎక్స్‌రేలు తీశారు. ఆయాలు కాంట్రాక్టు మనుషులని వదిలేశారు. ఇన్నాళ్లూ ఆ సంగతి అడగాలని కూడా నాకు తోచలేదు. చెబితే ఆమె పని పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. వార్డులో పడుకున్నవాళ్ల సంగతి సరేసరి. మర్నాడూ ఆ తర్వాతా ఆమె పరీక్షకు వెళ్లలేదు.

మందులు మళ్లీ మొదలుపెట్టిన వారం కమిటీ మీటింగు. అప్పటికి నా కళ్లె పరీక్ష నెగటివ్ వచ్చింది. డాక్టరు సరేనన్నాక మాస్కు పెట్టుకుని వెళ్లాను.

"సుజాతగారూ, మీరు రెస్టులో ఉండాల్సింది కదండీ" అన్నారు మేనేజరు.

"కిటికీలు మూయమన్నది నేనండి. నాకీ జబ్బు ఆ వార్డులోనే వచ్చుంటుంది. అలాగే రాయండి."

"బయటెక్కడో వచ్చి ఉండొచ్చు కదా? ఎందుకండీ లేనిపోనిది?"

నా ఉద్యోగమూ ఆయన చేతిలోదే. అయినా మీటింగు నిర్ణయాలు రాసే మినిట్స్ పుస్తకం ఆయన వైపు తోశాను. మిరప సీజన్‌లో కూడా కిటికీలు తెరిచే ఉంచాలి. కాంట్రాక్టు సిబ్బందితో సహా అందరికీ పరీక్షలు చేయించాలి. జబ్బు తేలినవాళ్లకు జీతంతో సెలవిచ్చి, తగ్గాక అదే పనిలోకి తీసుకోవాలి. ఇవి రాస్తేనే సంతకం పెడతానన్నాను. సిబ్బంది తరఫు సంతకం లేకపోతే ఆ మినిట్స్ చెల్లవు. ఆయన మొహం ఎర్రబడింది. గంటసేపు వాదించారు. చివరికి రాశారు.

ఆ కాగితం జిరాక్సు తీయించి నాగేంద్రమ్మ ఇంటికి పట్టుకెళ్లాను. ఆమెకు చదువు రాదు. రెండుసార్లు చదివించుకుంది.

"నా పేరుందాండి?"

"లేదు. కాంట్రాక్టు సిబ్బందితో సహా అనుంది."

"అంటే నేనున్నట్టేనా?"

"ఉన్నట్టే."

మర్నాడు పొద్దున్నే పరీక్షకు వెళ్లింది. పాజిటివ్.

ఇప్పుడు నా కోర్సు పూర్తయింది. బరువు పెరిగాను, డ్యూటీకి వెళ్తున్నాను. నాగేంద్రమ్మ మందులు మొదలుపెట్టి ఇది ఆరో నెల. ఆమె కూడా పనిలోకి వచ్చింది. కమిటీలో ఆయాల తరఫున ఇప్పుడు ఆమే సభ్యురాలు. మొదటి మీటింగులోనే, "మాస్కులిచ్చామని రాశారంట. మాకెవరికీ రాలేదే, ఎవరికిచ్చారండి?" అని అడిగింది. ఆ వారమే మాస్కులొచ్చాయి.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. దగ్గు రెండు వారాలు దాటితే మిరపకాయల మీద నెపం వేయకండి, కళ్లె పరీక్ష చేయించుకోండి. నేను ఆరు వారాలు ఆలస్యం చేశాను. ఆ ఆరు వారాలూ రోజూ నా పక్కనే నిలబడి రోగుల పక్కబట్టలు మార్చింది నాగేంద్రమ్మే. ఆమెకు జబ్బు వార్డు నుంచి వచ్చిందో, నా నుంచి వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేరు. ఆమె ఇంతవరకూ నన్నడగలేదు.