పాప చెప్పిన సాక్ష్యం

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని దాచుకుని బతుకుతున్నాను. ఆడించింది నేను. మోసింది మా అమ్మాయి. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే చదువుతున్న మీకు నా మీద జాలి పుట్టేలా రాసుకుంటానేమోనని నాకే భయం. మాటలు చెప్పడం నాకు బాగా వచ్చు. మా తెలుగు క్రైస్తవ సంఘంలో సండే స్కూల్ టీచర్ని. నేను పిల్లలకి కథ చెబుతుంటే పెద్దవాళ్లు కూడా వచ్చి వెనక నిలబడి వింటారు. ఆ తెలివే పాప కొంప ముంచింది.

మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. అప్పటికి పాప మూడో క్లాసు. మా ఆయన వీసా స్టాంపింగ్‌కని ఇండియా వెళ్లి అక్కడే ఇరుక్కుపోయారు. ఈ వారం, వచ్చే వారం అంటూ వేసవి సెలవులు సగం గడిచిపోయాయి. ఆ సెలవుల్లో క్యాంపింగ్‌కి తీసుకెళ్తానని ఆయన పాపకి మాటిచ్చారు. సరే, నేను తీసుకెళ్తానన్నాను. "ఒక్కదానివే పిల్లనేసుకుని ఆ కొండల్లోకి ఎందుకమ్మా?" అన్నారు అత్తగారు వీడియో కాల్‌లో. "నేనొచ్చాక వెళ్దాంలే" అన్నారు ఆయన. నాకు ఒళ్లు మండింది. ఏం, నాకు డ్రైవింగ్ రాదా? టెంట్ వెయ్యలేనా? వెళ్లి చూపిస్తాననుకున్నాను.

ఉత్తరాన ఉన్న అగ్నిపర్వతాల పార్కుకి వెళ్లాం. నల్లటి బూడిద కొండలు, వాటి మధ్య అక్కడక్కడా నేలలోంచి లేచే ఆవిరి. టెంట్ నేనే వేశాను. ఒక పక్కకి ఒరిగింది గానీ పడలేదు. ఎలుగుబంట్లు వాసన పడతాయని తిండి సామానంతా ఇనప పెట్టెలో పెట్టి తాళం వెయ్యమన్నారు పార్కువాళ్లు. మా ఆవకాయ సీసా కూడా అందులోకి వెళ్తుంటే పాప పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. గుర్తుండడం కూడా ఒక శిక్షేనేమో.

మర్నాడు పొద్దున్నే, ఇంకెవరూ రాకముందే, బురద గుంటలు చూడ్డానికి బయల్దేరాం. త్వరగా వెళ్లడానికి ఒక కారణం ఉంది. ఆ ఆదివారం నా క్లాసులో పాఠం నరకం గురించి. పుస్తకంలో బొమ్మలు చూపిస్తే పిల్లలు ఆవలిస్తున్నారు. ఇక్కడ నిజంగా కుతకుతా ఉడికే బురద, గంధకం కంపు, పొగ. వీటి ముందు పాపని నిలబెట్టి రెండు మాటలు చెప్పించి వీడియో తీస్తే? మనుషులు అడ్డం రాకుండా శుభ్రంగా వస్తుంది. సంఘమంతా మెచ్చుకుంటుంది. అవును, మెప్పు కోసమే. ఇన్నేళ్లూ నాకు నేను 'పిల్లల కోసం' అని చెప్పుకున్నాను. అబద్ధం.

నడవడానికి చెక్కబాట వేసి ఉంది, పక్కన కమ్మీ. ఫోన్‌లో చూస్తే ఎటు తిప్పినా ఆ కమ్మీ అడ్డం వస్తోంది. కొంచెం ముందుకెళ్తే ఒక చోట కమ్మీ లేదు, పక్కనే హెచ్చరిక బోర్డు. పాపని అక్కడ దిగి నాలుగడుగులు వెయ్యమన్నాను. తను బోర్డు దగ్గర ఆగి పైకే చదివింది. "వద్దు మమ్మీ. చూడు, దిగకూడదని ఉంది. గ్రౌండ్ విరిగిపోతుంది అని రాశారు" అంది. "ఏం కాదు, ఒక్క నిమిషం. నేను చెప్తున్నానుగా, దిగు" అన్నాను. ఇంకోసారి వద్దంది. అప్పుడు నేను నా క్లాసు గొంతు తీశాను. ఆ గొంతుకి ఏ పిల్లా ఎదురు చెప్పదు.

దిగింది. ఆ నేల కాగిన పాల మీద మీగడలా ఉంటుందని నాకేం తెలుసు? లేదు, ఈ ప్రశ్న వెయ్యడానికి కూడా నాకు అర్హత లేదు. తెలుసు. అప్పుడే కదా నా బిడ్డ నాకు చదివి వినిపించింది.

మూడో అడుగుకి కాలు చీలమండ దాకా దిగబడింది. ఆ కేక నేను రాయలేను. చెక్కబాట మీద బోర్లా పడుకుని చెయ్యి చాపి లాగాను. బూటు నిండా పొగలు కక్కే బురద. బూటు ఊడదీసి, ఉన్న మంచినీళ్లన్నీ పోసి, ఎత్తుకుని కారు దాకా పరుగెత్తాను. ఫోన్‌లో సిగ్నల్ లేదు. కొండ దిగి ఊళ్లోని ఆసుపత్రికి వెళ్లాలి. మలుపు మీద మలుపు. వెనక సీట్లో పాప ఏడుస్తోంది. నేను స్టీరింగ్ పట్టుకుని ప్రార్థన చేస్తున్నాననే అనుకున్నాను. కానీ నా బుర్రలో తిరుగుతున్నది వేరే. ఆసుపత్రిలో ఏమైందని అడుగుతారు. కావాలని తల్లే దింపిందని రాసుకుంటే పిల్లని నా దగ్గర ఉంచుతారా? ఆయన వీసా ఏమవుతుంది? అత్తగారు ఏమంటారు? పిల్ల కాలు కాలి ఏడుస్తుంటే నేను వీటన్నిటినీ వరసగా ఆలోచించగలిగాను. అందుకే నాకు నేనంటే అసహ్యం.

"అమ్మలూ, డాక్టర్ అడిగితే నువ్వే దిగావని చెప్తావా? లేకపోతే మమ్మీకి చాలా ప్రాబ్లం అవుతుంది."

ఏడుపు ఆగింది. "కానీ మమ్మీ, నేను నో అన్నాను కదా?"

"అన్నావు నాన్నా. ఈ ఒక్కసారికే."

"ఈజ్ దట్ లైయింగ్?"

"కాదు" అన్నాను.

అద్దంలోంచి నన్ను చూసింది. "ఓకే మమ్మీ" అంది.

డాక్టరుకీ, తర్వాత వాళ్ల నాన్నకీ అలాగే చెప్పింది. కాలు నయమైంది. చీలమండ చుట్టూ ముడతపడిన మచ్చ మిగిలింది. ఎండాకాలంలో కూడా పొడుగు సాక్సులు వేసుకుంటుంది. మా ఆయన ఇండియా నుంచి తిరిగొచ్చాక, ఆదివారం ఆరాధనలో పాప చేత సాక్ష్యం చెప్పించమన్నారు పాస్టర్ గారు. మా సంఘంలో ఆపద గడిచి బయటపడినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి, అది అలవాటు. రాసిచ్చింది నేనే. మైకు రెండు చేతులా పట్టుకుని, "నేను మమ్మీ మాట వినలేదు. సారీ. గాడ్ నన్ను కాపాడారు" అంది. హాలంతా "స్తోత్రం" అంది. నేనూ అన్నాను.

అది అక్కడితో ఆగలేదు. పెద్దలకు విధేయత అనే పాఠం వచ్చినప్పుడల్లా మా పాపే ఉదాహరణ అయింది. స్కూల్ ట్రిప్ అంటే మా ఆయన పంపేవారు కాదు. "ఆ పార్కులో ఏం చేశావో గుర్తుందిగా" అనేవారు. డ్రైవింగ్ నేర్చుకుంటానంటే అదే మాట, స్నేహితులతో బీచ్‌కి వెళ్తానంటే అదే మాట. ప్రతిసారీ నేను ఆ గదిలోనే ఉన్నాను. కూర తరుగుతూనో, బట్టలు మడతపెడుతూనో. తను ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. మరిచిపోయిందేమో, తనే దిగానని నమ్ముతోందేమో అని ఆశపడ్డాను. ఎలాంటి తల్లి అలా ఆశపడుతుంది?

ఇప్పుడు కాలేజీకి వెళ్లబోతోంది. వెళ్లేముందు సాక్ష్యం చెప్పమని పాస్టర్ గారు మళ్లీ అడిగారు. పాప సాక్సులు వేసుకుంటూ, తలెత్తకుండా అంది, "ఈసారి నువ్వు చెప్పు మమ్మీ. నీకు బాగా గుర్తుంటుంది కదా."

అంటే అన్నీ గుర్తున్నాయి. ఇన్నేళ్లూ నా మాట కోసం ఆగింది.

మొన్న ఆదివారం లేచాను. మైకు తీసుకున్నాను. మొదటి వరసలో మా ఆయన, పక్కన పాప. చేతులు ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. ఇంతమందికి కథలు చెప్పిన నోటికి ఆ ఒక్క నిజం రాలేదు. చివరికి, "దేవుడు మా బిడ్డని కాపాడాడు" అని కూర్చున్నాను. హాలంతా స్తోత్రం అంది. పాప అనలేదు. ఇంటికొచ్చేటప్పుడు కారులో "సారీ అమ్మలూ" అన్నాను. "ఓకే మమ్మీ" అంది. ఆ రోజు కొండ దిగేటప్పుడు అన్న గొంతుతోనే.

తను క్షమిస్తుందా? అడగను. అడిగితే ఓకే అంటుంది, ఆ మాట ఇంకోసారి తన చేత అనిపించలేను. మైకులో చెప్పాల్సిన సాక్ష్యం ఇక్కడ రాస్తున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఊపిరి నిండుగా ఆడుతోంది. ఇది అచ్చయ్యాక ఆయన ముందూ, పాప ముందూ పెడతాను. ఆ తర్వాత ఏమైనా కానీ.

మా పాప వద్దంది. బోర్డు చదివి మరీ వద్దంది. నేను దిగమన్నాను. నా మాట విని దిగింది.