బావ చేతులు, బాక్సర్ ఇంజన్

మా బావ కొన్న బండిని మొదటిసారి చూసినప్పుడు దానికి యాక్సిడెంట్ అయిందేమో అనుకున్నాను. ట్యాంకు కింద బుద్ధిగా ఉండాల్సిన సిలిండర్లు రెండూ చెరో పక్కకు పొడుచుకొచ్చి ఉన్నాయి. మా అమ్మ వాకిట్లో నిలబడి చాలాసేపు చూసింది.

"గిదేందిరా, రెండు మోచేతులు బయటికి వెట్టి కొట్లాటకొచ్చినట్టు నిలవడ్డది?"

బాక్సర్ ఇంజన్ మీద నేను చదివిన వ్యాసాలన్నిటికంటే ఆ ఒక్క ముక్కే నయం.

జర్మనీ బండి. పాతది. హైదరాబాద్‌లో కొని జనగామలో మా ఇంటిదాకా ఎవరి చేతో తోలించుకొచ్చాడు బావ. బాక్సర్ అంటే జనగామ బస్టాండ్ దగ్గర ఎవరూ ఆశ్చర్యపోలేదు. "మా మేనమామకు గూడ ఉండె బాక్సర్, మైలేజీ మస్తిచ్చేది" అన్నారు. వాళ్లు చెప్పేది ఆ పేరుతో ఒకప్పుడు తిరిగిన పాలవాళ్ల బండి గురించి. ఒకరిద్దరికి తేడా చెప్పబోయి మానేశాను. మనిషి మేనమామ జోలికి పోకూడదు.

బావ భూపాలపల్లిలో బొగ్గు బాయి పని చేస్తాడు. మొదట్లో ఏళ్ల తరబడి భూమి లోపల డ్రిల్లు పట్టాడు. ఇప్పుడు పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతున్నాడు. డంపర్ అంటే ఇల్లంత లారీ. దాని టైరు పక్కన నిలబడి ఫోటో దిగితే నేను టైరుకు అంటిన మట్టిలా కనిపిస్తాను. కొంతకాలంగా బావ వేళ్లకు తిమ్మిర్లు పడుతున్నాయి. మామూలు బండి హ్యాండిల్ అదురుకు అవి ఎక్కువవుతున్నాయని, బాక్సర్ ఇంజన్ అయితే అదరదని ఎవరో చెప్పారు. రోగానికి మందు కొన్నవాళ్లను చూశాను, తాయెత్తు కొన్నవాళ్లనూ చూశాను. మోటార్ సైకిల్ కొన్నవాడు మాత్రం ఇతనే.

కురవి వీరభద్రుడి దగ్గర పూజ చేయించి, అటునుంచి భూపాలపల్లి పోవాలన్నది కార్యక్రమం. అతని వెనకాల నా బండి మీద నేను. ముందురోజు అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, తొవ్వ పొడుగూత ఆయన చేతులు చూడు. తిమ్మిర్లు పోయినయ్ అంటుండు. నాకైతె నమ్మబుద్ధి అయితలేదు."

"పోయినయంటే పోయినట్టే అక్కా. నువ్వేమన్న పోలీసా?"

"నవ్వులాట గాదురా. ఆయన నడిపేది నీ ఫట్‌ఫటి గాదు. గా డంపర్ మీద చేతులు మాట ఇనకపోతె, కింద మనుషులుంటరు."

మా ఇంట్లో ఎవరి గొంతు బొంగురుపోయినా అక్కడొక జోకు పెట్టడం నా డ్యూటీ. ఆ రోజు "సరే, చూస్త" అని పెట్టేశాను.

పొద్దున్నే బయలుదేరాం. నాది వరుస ఇంజన్, ఇంగ్లీషులో ఇన్‌లైన్ అంటారు. రెండు సిలిండర్లు పక్కపక్కనే నిలువుగా నిలబడి ఉంటాయి, రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు. పిస్టన్లు ఎగిరి దూకుతుంటే ఆ దూకుడంతా హ్యాండిల్లోకి, ఫుట్‌రెస్టుల్లోకి వస్తుంది. అరవై దాటితే అద్దంలో ఒక లారీ రెండు లారీలవుతుంది. ఎనభైలో నడిపి దిగితే, పట్టుకున్న చాయ్ గ్లాసు కూడా కాసేపు స్టార్ట్‌లోనే ఉంటుంది. చప్పుడంతా ట్యాంకు కిందనుంచి ఒకే గొంతుగా వస్తుంది, వేగం పెరిగేకొద్దీ సన్నబడి ఏడుపుగా మారుతుంది. నాకది అలవాటే. కనీసం లోపల ఏం జరుగుతుందో దాచుకోని ఇంజన్ అది.

జఫర్‌గఢ్ దాటాక బండ్లు మార్చుకున్నాం. బావ బండి స్టార్ట్ చేసి, ఆగి ఉండగానే యాక్సిలరేటర్ ఒకసారి తిప్పాను. బండి మొత్తం కుడివైపుకు ఒరిగింది, ఎవరో చెవిలో మాట చెప్పడానికి భుజం పట్టి లాగినట్టు.

"భయపడకు బామ్మర్ది, అది దాని అలవాటు" అన్నాడు బావ.

"నాకు చెప్పేదేమన్న ఉంటె నోటితోని చెప్పుమను బావా."

కదిలాక మాత్రం జోకులు ఆగాయి. బాక్సర్‌లో పిస్టన్లు రెండూ ఒకేసారి చెరో దిక్కుకు పోతాయి, ఒకేసారి వెనక్కి వస్తాయి. ఎడమది కొట్టిన దెబ్బను కుడిది కొట్టేస్తుంది. రెండు పార్టీల పెద్దమనుషులు పంచాయితీలో అరుచుకుని, చివరికి ఊరికి ఏమీ జరగకుండా లేచిపోయినట్టు. హ్యాండిల్లో అదురు దాదాపు లేదు. చప్పుడు మోకాళ్ల దగ్గర రెండు పక్కల నుంచీ వస్తుంది. పైన కుట్టుమిషన్‌లా చిటచిట, దాని కింద బరువైన దుమ్ దుమ్. నా బండి అరుస్తుంది. ఇది పక్క గదిలో ఎవరో పెద్దాయన దగ్గుతున్నట్టు ఉంటుంది. లేచి చూడాలనిపిస్తుంది, చూడబుద్ధి కాదు.

మహబూబాబాద్ ఇవతల చాయ్‌కి ఆగాం. నా బండి ఎట్లా ఏడిపించిందో వినాలని ఆశగా అడిగాను.

"ఎట్లుంది బావా?"

"మంచిగనే ఉంది. నీది గూడ మెత్తగనే నడుస్తుందిరా. అదురుతది, అదురుతదని ఊకె బద్నాం చేస్తవ్ గని."

"బావా, గీ మాట కంపెనోళ్లు ఇంటె నీ ఫోటో షోరూంల పెట్టి దండేస్తరు."

"దండేసుడెందుకురా, నేనింక బతికే ఉన్న గద!"

ఇద్దరం నవ్వాం. నా వేళ్లు ఆ బండి మీద ఎంత జివ్వుమంటాయో నాకు తెలుసు. అదే బండి అతనికి మెత్తగా ఉందట. బావ చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, తాగుతున్నంతసేపూ దానివైపే చూస్తున్నాడు. చాయ్ బాగుందేమోలే అనుకున్నాను. చాయ్ ఏం బాగాలేదు.

మళ్లీ ఎవరి బండి వాళ్లం ఎక్కి కురవి చేరాం. మామూలు బండికైతే అయ్యగారు దండను హ్యాండిల్‌కు వేస్తారు. ఈ బండికి బయటికి వచ్చిన భుజాలు కనబడేసరికి ఆయనకు పండగయింది. టైర్ల కింద నిమ్మకాయలు, పసుపు, కుంకుమ అయ్యాక, రెండు సిలిండర్లకూ ఎర్రగుడ్డ చుట్టి, దాని మీద బంతిపూల దండలు కట్టమన్నారు. బావ కట్టబోయాడు. దారం ముడి పడటం లేదు. జారిపోతోంది, మళ్లీ పట్టుకుంటున్నాడు. పూలమ్మే అవ్వ చూసి చూసి లేచొచ్చింది.

"ఏం కొడుకా, గింతున్నవ్, ముడెయ్యరాదా?"

"నీ చేతితోనేస్తె పుణ్యమని ఆగిన అవ్వా."

"నా చేతికి దండ అమ్ముడే తెల్సు, పుణ్యం గిణ్యం దెల్వదు" అని ఆమె బిగించి ముడేసింది.

"బావా, అవి ఇంజన్‌కు ముక్కులసొంటివి. గాలి తగలాలె. తీసేద్దాం" అన్నాను.

"దేవుని దండరా. ఇంటికి పోయేదాంక తియ్యొద్దు. మీ అక్క చూడాలె."

మహబూబాబాద్ దాటి నర్సంపేట దారి పట్టాక చప్పుడు మారింది. వెనకాల వస్తున్న నాకే వినిపించింది. దుమ్ దుమ్ పొడిబారి, చిటచిట పెద్దదయింది. తర్వాత వాసన. పూలు కాలితే అగరుబత్తి వాసన వస్తుందనుకుంటాం. రాదు. పాడె మీది పూల వాసన వస్తుంది. హారన్ కొట్టి కొట్టి బావను ఆపాను.

కుడి సిలిండర్ మీద గుడ్డ నల్లబడి పొగ లేస్తోంది. నేను నీళ్ల సీసా కోసం సంచి వెతుకుతుండగా బావ పక్కనే గొంతుక్కూర్చుని, సిలిండర్ రెక్కల మధ్య ఇరుక్కున్న పూలను వేళ్లతో పీకడం మొదలుపెట్టాడు. తాపీగా. చిక్కుడుకాయలు ఒలుస్తున్నట్టు.

"మీ అక్కకు చెప్పకు, అపశకునం అంటది. నర్సంపేటల కొత్త దండ..."

చుయ్ మన్న చప్పుడు విన్నాను. "బావా! చెయ్యి!"

"ఏందిరా లొల్లి?"

చెయ్యి తీసి చూసుకున్నాడు. రెండు వేళ్ల కొసల మీద తోలు తెల్లగా ముడుచుకుపోయింది. కాలినవాడు కెవ్వుమంటాడు, చెయ్యి నోట్లో పెట్టుకుంటాడు, ఊదుకుంటాడు. బావ ఆ వేళ్లను బజారులో ఎవరిదో పడిపోయిన వస్తువును చూసినట్టు చూశాడు.

"సుర్రు మనలే" అన్నాడు. అంతే.

నీళ్లు పోశాను. రోడ్డు పక్కన కల్వర్టు మీద కూర్చున్నాం. పత్తి చేన్లలో ఎవరూ లేరు. వేడి ఇంజన్ చల్లారుతూ టిక్ టిక్ మంటోంది.

"తిమ్మిర్లు పోయినయన్నవ్ గద బావా?"

"పోయినయ్ రా. అబద్ధం చెప్పలే. ఇప్పుడు తిమ్మిరి గూడ తెలుస్తలేదు."

అడగకూడదనుకుంటూనే అడిగాను. "కాళ్లు?"

కుడి కాలు ముందుకు చాపి చూసుకున్నాడు. "బ్రేకు మీద కాలున్నదా లేదా అని వంగి చూసుకుంటున్న. డంపర్ మీద."

"గీ బండి మీద?"

"గీ బండి మీద గూడ."

జనగామ నుంచి అక్కడిదాకా దాదాపు దారంతా నేను ఆ బండి వెనకాలే వచ్చాను. అతను మాటిమాటికీ తల వంచుతుంటే కొత్త బండి మోజు, ఇంజన్ చూసుకుని మురిసిపోతున్నాడని నవ్వుకున్నాను.

మిగిలిన గుడ్డ, దండలు విప్పేసి, నా బండిని దగ్గర్లోని పంక్చర్ షాపులో పెట్టాం. బాక్సర్ నేను నడిపాను, బావ వెనక కూర్చున్నాడు. ములుగు దాటాక రెండు పక్కలా అడవి. ఆ మెత్తదనం అప్పుడు నాకు సుఖంగా అనిపించలేదు. చేతుల్లోకి ఏ కబురూ రావడం లేదు. అదురు లేనిది ఇంజన్‌లోనా నా వేళ్లలోనా అని గ్రిప్పును నలిపి నలిపి చూసుకున్నాను. నా బండి ఎంత అదిరినా చెయ్యి పట్టుకుని ప్రతి మాటా చెప్పేది. ఇది రెండు పక్కలా గుద్దుకుంటూనే పైకి ఏమీ లేదంటోంది. బావలాగే.

"బామ్మర్ది, మీ అక్కకు చెప్పకు" అన్నాడు వెనకనుంచి. "కంపెని మెడికల్ టెస్టుల పిడికిలి బిగించుమంటరు. బలమైతె ఉన్నది. గట్టెక్కుత. రేపు పొద్దటి షిఫ్టు."

"రేపు నీ డంపర్ ముందట ఎవలుంటరు బావా?"

నా భుజాల మీద అతని చేతులు ఉన్నాయి. నన్ను గట్టిగా పట్టుకున్నాడో ఊరికే ఆనించాడో అతనికి తెలుసో లేదో నాకు తెలియలేదు.

పొద్దు గుంకుతుండగా భూపాలపల్లిలో క్వార్టర్ ముందు ఆగాం. కొత్త బండికి దిష్టి తీయడానికి అక్క పళ్లెంలో ఎర్రనీళ్లు పట్టుకుని గేటు దగ్గరే ఉంది. బండి నడుపుతున్నది నేనని చూసింది. పళ్లెం గోడ మీద పెట్టింది.

"చెయ్యి చూపియ్" అంది బావతో.

బావ నావైపు చూశాడు. నేను సైడ్ స్టాండ్ వేయడంలో చాలా బిజీగా ఉన్నాను. ఆ చెయ్యి మెల్లగా ముందుకొచ్చింది. అక్క ఒక్కో వేలునే పట్టుకుని గోటితో నొక్కుతూ పోయింది.

"గిక్కడ?"

"లే."

"గిక్కడ?"

"లే."

చిటికెన వేలు దగ్గర బావ ఆగాడు. "ఏమో... ఏదో అయితున్నట్టే ఉన్నది" అన్నాడు. అక్క మిగతా వేళ్లు వదిలేసి ఆ ఒక్కదాన్నే పట్టుకుని నిలబడింది.

"నా ఫోన్‌ల షిఫ్టు ఇంచార్జికి కొట్టు బామ్మర్ది" అన్నాడు బావ, ఆమెను చూస్తూనే. "రేపు డంపర్ ఎక్కనని చెప్పు. దవాఖానకు పోతున్నడని చెప్పు."

చెప్పాను. అవతలి మనిషి విసుక్కుని, "ఎన్ని రోజులు?" అన్నాడు.

ఇద్దరివైపు చూశాను. అక్క ఇంకా ఆ చిటికెన వేలినే పట్టుకుని ఉంది.

"మాకు గూడ దెల్వది సార్" అన్నాను.