ఆ రైలు భాగ్య వదినది

నిన్న పూజ గదిలో వత్తి వెలిగిస్తుంటే ఫోన్ వచ్చింది. భాగ్య వదిన నిద్రలోనే పోయిందట. మా పెద్దన్న భార్య. మొన్న సాయంత్రమే నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి.

ఏడుపు ఇంకా ఆగలేదు. దానికి తోడు ఇప్పుడు కోపం.

పొద్దుటి నుంచి మా ఫ్యామిలీ గ్రూప్‌లో అన్నవాళ్ల కరీంనగర్ ఇంట్లోని బొమ్మ రైల్వే ఫోటోలు పెడుతున్నారు. కింద అందరిదీ ఒకటే రాత: అన్న చేతి కళ, వదిన సహకారం.

సహకారమా?

వదిన వాళ్ల బాపు పెద్దపల్లి స్టేషన్‌లో పాయింట్స్‌మన్. బొగ్గు ఇంజన్ల రోజుల్లో, రైలు లైన్ మారేచోట లీవర్ లాగేవారు. తన చిన్నప్పటి ఆ స్టేషన్‌నే వదిన పెద్ద బల్ల మీద కట్టుకుంది. లీవర్లకు బదులు, లైన్ మారే ప్రతి పాయింట్‌కూ పట్టాను పక్కకు జరిపే ఒక చిన్న మోటర్.

ఆ మోటర్లు ఎవరు బిగించారు?

కొంగు నడుముకు చుట్టి, స్క్రూలు పెదాల మధ్య పట్టుకుని, బల్ల కింద వెల్లకిలా పడుకుని వదినే బిగించింది. పైన బటన్ నొక్కింది నేను.

టక్కుమంది. అయిపోయింది వదినా అన్నాను.

"సప్పుడైతే అయినట్టు కాదు పిల్లా. జరిగిన పట్టాకు, పక్క పట్టాకు నడుమ కాయితం పెట్టి గుంజు. ఊడొస్తే సందు ఉన్నట్టే, బండి పడ్తది."

ఊడొచ్చింది. మళ్లీ విప్పింది, కాస్త జరిపింది, బిగించింది. కాగితం కదలకుండా పట్టుకునేదాకా బల్ల కింద నుంచి లేవలేదు.

ఒకసారి చుట్టాలొచ్చి అన్నను తెగ మెచ్చుకున్నారు. అన్న కాదనలేదు. వదిన టీ కప్పులు పెడుతూ అన్నతో అంది, "అయితే మోటర్‌ల ఏ వైర్ ఎటు పోతదో జర చెప్పుర్రి."

అందరూ నవ్వారు. జోక్ అనుకున్నారు.

అది జోక్ కాదు.

అన్నా, నీ దుఃఖం నాకు తెలుసు. నీ ముందు ఎన్నడూ గొంతు పెంచలేదు, ఇప్పుడూ పెంచడం లేదు. కానీ గ్రూప్‌లో ఆ మెచ్చుకోళ్ల కింద దండం బొమ్మ పెట్టావు చూడు, అది తీసెయ్యి. ఎవరు చేశారో నీ చేత్తో రాయి.

నిన్న దహనం అంతా అయిపోయాక ఆ రైలు బల్ల ఉన్న గదిలోకి వెళ్లాను. వదిన కిందటి వారం బిగించిన చివరి పాయింట్‌లో కాగితం ముక్క అలాగే ఉంది.

లాగి చూశాను.

రాలేదు.

వెళ్లిరా వదినా. బాసర తల్లి నిన్ను తన దగ్గర నెమ్మదిగా కూర్చోబెట్టుకోవాలి.