భోంపుకి శృతి కట్టిన అక్క

నా చిన్నప్పుడు జరిగిన ఈ సంగతిలో ఉప్పూ కారం కాస్త ఎక్కువే వేస్తాను. ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను అనొద్దు. జంషెడ్‌పూర్‌లో ఇనుమే సాగుతుంది, మాట సాగితే తప్పేముంది?

మేం గోల్‌మురి క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. పక్కింటి అక్క హార్మోనియం ముందు కూర్చుని సొంతంగా సంగీతం కట్టేది. వయొలిన్‌కి ఒకటి, వేణువుకి ఒకటి, మృదంగానికి ఒకటి విడివిడిగా అల్లి, కాలనీ పిల్లలకు నేర్పి, అన్నీ కలిపి వాయిస్తే ఒక్కటయ్యేలా చేసేది. ఆవిడ తిత్తి కదిపితే సువర్ణరేఖ నది వెనక్కి తిరిగొచ్చి, విని, మళ్లీ తన దారిన పోయేది. కలకత్తాలో సినిమాలకు సంగీతం చేసే ఒకాయన ఆ పనితనం విని, తన దగ్గర సహాయకురాలిగా చేరమన్నారు. అక్క నాన్నగారు మాత్రం ససేమిరా అన్నారు.

ఆయన కర్మాగారంలో షిఫ్టు మనిషి. షిఫ్టు మారేటప్పుడు కూసే సైరన్‌ని మా ఊళ్లో భోంపు అంటారు. అది కూసిందంటే పని కోసం అక్కడికొచ్చి స్థిరపడ్డ మా శ్రీకాకుళం వాళ్లు నోటి దాకా వచ్చిన ముద్దను కంచంలో పడేసి సైకిలెక్కేవారు. తాళి కట్టబోతూ లేచిపోయిన పెళ్లికొడుకుని కూడా నేనెరుగుదును.

"మనోళ్లకి భోంపే సంగీతం, అమ్మీ. అది కూసినాక నీ పాటకి ఎవుడు కూకుంటాడు?" అన్నారు ఆయన, ఉగాది ముందు రోజు వరండాలో.

"కూకుంటే?"

"కూకుంటే నానే టాటానగర్ టేసనుకి తీసుకెళ్లి కలకత్తా బండెక్కిత్తాను. లేదా, కలకత్తా మాట మళ్లీ ఎత్తకు."

"పక్కాయేనా, నాన్నా?"

"పక్కా."

ఉగాది నాడు మా తెలుగు సంఘం హాల్లో ముఖ్య అతిథి ఉపన్యాసం ఎంత సాగిందంటే, అది మొదలైనప్పుడు పుట్టిన పిల్లలు ముగిసేసరికి బడికి పోతున్నారు. అక్క వంతు వచ్చేటప్పటికి మధ్యాహ్నం రెండు గంటల భోంపు నెత్తి మీదికొచ్చింది. అక్క కంగారు పడలేదు. భోంపు హార్మోనియంలో ఏ మెట్టు మీద పలుకుతుందో ఆవిడ ఎప్పుడో పట్టేసింది. ఆ రోజు వాయించేదంతా ఆ శృతిలోనే కట్టింది. సగంలో భోంపు కూసింది. అక్క చెయ్యెత్తింది. వయొలిన్లు అదే స్వరాన్ని పట్టుకుని నిలబడ్డాయి, వేణువు వాటి మీద మెట్లెక్కింది. కర్మాగారమంతా కలిసి మా అక్కకి తంబురా మీటింది. లేవబోయిన జనం, కూసేది కంపెనీయో కచేరీయో తేల్చుకోలేక కూలబడిపోయారు.

అక్క బండెక్కింది. కలకత్తా, తరవాత మద్రాసు. ఎన్నో సినిమాలకు నేపథ్య సంగీతం చేసింది, పెద్ద పెద్ద వాద్యబృందాలతో సొంత రచనలు వాయింపించింది. తెర మీద మొదటిసారి ఆవిడ పేరు పడ్డప్పుడు గోల్‌మురి మొత్తం ఈల వేసి, ఇంక చూడాల్సిందేముందని కథ మొదలవకుండానే ఇంటికొచ్చేసింది.

ఇప్పుడు నిజం. నదీ, పెళ్లికొడుకూ ఉప్పూ కారాలు, వాటిని లెక్కలోకి తీసుకోకండి. నేను అసలు కల్పించింది ఒక్కటే: జనం కూలబడలేదు. భోంపు కూయగానే డ్యూటీ ఉన్న మగాళ్లందరూ లేచి వెళ్లిపోయారు. బయట సైకిల్ గంటలు, లోపల వయొలిన్లు. డ్యూటీ ఉండి కూడా లేవని మనిషి మొదటి వరసలో, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఒకే ఒక్కరు.

"భోంపు కూసేసింది, మావా," అని ఎవరో భుజం తట్టారు.

"ఇన్నానురా. కూకో," అన్నారు అక్క నాన్నగారు.

పందెం వేసిందీ ఆయనే, కూర్చుని ఓడిపోయిందీ ఆయనే. అప్పటి నుంచి మనవాళ్లెవరైనా పాడుతుంటే, ఆడుతుంటే, ఆఖరికి మా అమ్మాయి బడి నాటకంలో చెట్టు వేషం వేసి ఊరికే నిలబడ్డా సరే, జేబులో ఫోను ఎంత మొత్తుకున్నా నేను కుర్చీలోంచి లేవను.