బొమ్మ లేని సిమెంటు బిళ్ళ

చిన్నప్పుడు నేను ఒట్టి మొండిదాన్ని. అడిగింది చేతిలో పడేదాకా వదిలేదాన్ని కాదు. గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాలో మా నాన్న రాళ్ళ క్వారీ స్టోర్‌లో పనిచేసేవాడు. మా క్వార్టర్ వెనక క్యాంపులో మా పెద్దనాయిన, అంటే నాన్నకు అన్న, మేస్త్రీగా ఉండేవాడు. దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి పని సాగకపోయేసరికి పై మేనేజరు, అక్కడి మాటలో ముదీర్, ఖలాస్, ఇక పొమ్మని అనేశాడు. శనివారం విమానం. పోయి ఎక్కడుండాలో మాత్రం ఆయనకే తెలియదు. గోదావరి మీద డ్యాం కట్టినప్పుడు మా ఊరు మునిగిపోయింది. పెద్దమ్మ అంతకుముందే పోయింది, పిల్లలు లేరు.

ఆ శుక్రవారం ఆయన నాకోసం సిమెంటుతో నాణేలు పోశాడు. క్వారీకి వచ్చిపోయిన గ్రీకు ఇంజనీరొకాయన తమ దేశపు బిళ్ళ ఒకటి ఆయనకిచ్చి, పూర్వం అక్కడ ఒక్కో ఊరూ తన నాణెం మీద తన జంతువును అచ్చు వేసుకునేదని వచ్చీరాని హిందీలో చెప్పాడట. ఒక ఊరిది తాబేలు, ఒకదానిది తేనెటీగ, ఇంకోదానిది ఎండ్రకాయ. ఆ బిళ్ళ మీదున్నది గుడ్లగూబ. క్యాంపంతా ముక్కున వేలేసుకుంది. ఇంటిమీద వాలితేనే శాంతి చేయించే పిట్టను ఏరికోరి పెట్టుకున్న ఊరు ఏం బాగుపడుతుందని అందరూ నవ్వారు.

పెద్దనాయిన పాలడబ్బా మూతల్లో తడి సిమెంటు నింపి, మేకుతో ఆ బొమ్మలన్నీ గీశాడు.

"గా ఊర్లు మన్నుల గలిసినా బొమ్మ జూసి గుర్తువడ్తరంట బిడ్డా" అన్నాడు.

నాకదేం పట్టలేదు. చూడని మా ఊరి మీదే ధ్యాస. "మనూరిది జెయ్యి" అని భీష్మించుకు కూర్చున్నాను.

ఆయన ఇంకో మూత నింపి, మేకు మొన ఆనించి తీశాడు, మళ్ళీ ఆనించి మళ్ళీ తీశాడు.

"గీ గూబనే పెట్టు" అన్నాను.

నవ్వబోతే దగ్గొచ్చింది. "గూబ ఉండాలన్నా పాడువడ్డ గోడన్నా ఉండాలె గద బిడ్డా. మనూర్ల గోడ సుత లేదు."

ఆ ఎండకు సిమెంటు ఎంతసేపు ఆగుతుంది? మేకు ఆయన చేతిలో ఉండగానే బిళ్ళ బిగుసుకుపోయింది. దాన్నే నా చేతిలో పెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. అందరి ఊళ్ళకూ బొమ్మలు గీసి నాకు ఉత్త బిళ్ళ ఇచ్చాడని అలిగి, మర్నాడు ఆయన ట్రంకుపెట్టెతో వ్యాను ఎక్కుతుంటే బయటికి కూడా రాలేదు, పాపిష్టిదాన్ని. బొంబాయిలో దిగాడని విన్నాం. ఆ తర్వాత ఏమైపోయాడో. ఉత్తరం రాద్దామన్నా నాన్న దగ్గర అడ్రసు లేదు.

తాబేలు, ఎండ్రకాయ, మిగతా బొమ్మలన్నీ ఎప్పుడో పగిలిపోయాయి. ఉత్త బిళ్ళ మాత్రం నా బీరువాలో ఉంది. మనవాళ్ళు ఇద్దరు కలిస్తే ముందు అడిగేది మీది ఏ ఊరని. అరవై దగ్గరపడ్డా, ఆ మాట ఒకరిని అడగడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.