తమ్ముడి మేకలు

ఆ క్రిస్మస్ పొద్దున వాక్యం చెప్పడానికి వెళ్తూ బాన్సువాడలో బండి కోసం ఆగాను. ఎండకు కూర్చున్న ఒక ముసలాయన ముందు, బండ మీద గీసిన గళ్లలో, పులులూ మేకలుగా పెట్టిన రాళ్లతో పులిజూదం ఆట సగంలో ఆగి ఉంది.

"మేకలు నువ్వాడు బిడ్డా. మా తమ్ముడు ఆట నడుమల జెరమొచ్చి పన్నడు, మల్ల లేవలే. వాని ఆట ఇంటోళ్లు ముట్టొద్దు, బాటసారి ఆడాలె. ఆట తెగేదాక వాడు ఈడనే తిరుగుతడు."

మా సంఘంలో జూదం పాపం. చనిపోయినవారు తిరుగుతారని మా లేఖనం చెప్పదు. దుఃఖంలో ఉన్నవాడి పక్కన కూర్చోమని మాత్రం చెబుతుంది. కూర్చున్నాను.

ఒకసారి తప్పు ఎత్తు వేశాను. ఆయన పులి నా మేకను తినేసింది.

"ఊకె గెలిపిస్తే వానికి కోపమొస్తది," అన్నాడు.

చివరకు మేకలు పులులను కదలనివ్వలేదు. ముసలాయన రాళ్లన్నీ ఒళ్లోకి తీసుకున్నాడు.

"గెలిచినవ్‌రా తమ్మీ. ఇగ పో," అన్నాడు, నా వైపు చూడకుండా.